సంగీత ప్రసంగము: చెవికిని సాధకము కావలదా?

పేరంటమునాడు నలుగురు కూడిన చోట ఒక పాట పాడుడని యడిగినచో మనలో పెక్కండ్రు ఇచ్చు ప్రత్యుత్తర మొక్కటియే: "నాకు సంగీతము రాదమ్మా, శ్రుతి నిలువదు." ఈ మాటయందు వినయము కొంత, భయము కొంత కలదు. కాని దీనిని మాటిమాటికి చెప్పుకొనుచుండగా అది సత్యమే యని మనకే తోచును. పిదప మన బిడ్డలకును అదే మాట అంటగట్టుదుము. "నీకు నా గొంతే వచ్చినది, నా చెవియే వచ్చినది" అని నవ్వుచు ననుట మనకు పరిపాటి. చెవి యనునది కంటిరంగువలె పుట్టుకతో వచ్చి మాఱని వస్తువా? లేక వంటకు చేయి తిరిగినట్లు, కుట్టుపనికి వ్రేళ్లు అలవడినట్లు, సాధకముచే కుదురునదా? ఈ మాసమున ఈ ప్రశ్నను గూర్చియే ముచ్చటింప దలచితిని. ఏలయన, ఈ ప్రశ్న మా యింటనే పుట్టి, మాచేత మూడు నెలలు సమాధానము వెదకించినది.

మా మనుమరాలికి పదునొకండవ యేడు. రెండేండ్లుగా గాత్రము నేర్చుచున్నది. సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారములు, నాలుగు గీతములు అయినవి. గడచిన వేసవిలో గురువుగారు మా అమ్మాయిని ప్రక్కకు పిలిచి, పిల్లకు శ్రుతి నిలుచుట లేదనియు, చెవి పట్టుట లేదనియు, ఊరక ధనవ్యయము చేయుటకంటె వేఱొక విద్యలో పెట్టుట మేలనియు చెప్పినారట. ఆమె కఠినముగా చెప్పలేదు, నిజమనుకొనియే చెప్పినారు. అయినను ఆ మాట గుమ్మము వెలుపల చెప్పులు తొడుగుకొనుచున్న పిల్ల చెవిని పడినది. ఆ రాత్రి అది అన్నము సరిగా తినలేదు. "అమ్మమ్మా, నాకు చెవి లేదంట" అని నా ప్రక్కన పండుకొని మెల్లగా ననినది. ఒక నెల గడువిండని గురువుగారిని బ్రతిమాలుకొని, ఆ నెలలో ఏమి చేయవలయునా యని యోచింపసాగితిమి.

మొదట పిల్ల పాడుచుండగా నేను శ్రద్ధగా వింటిని. ఒక విషయము తేటపడినది. గురువుగారు హార్మోనియము మెట్టు నొక్కి స్వరమును వినిపించుచు పాడించునప్పుడు పిల్ల బాగుగనే పాడుచున్నది. ఆ తోడు తీసివేసి, తంబురా శ్రుతి మాత్రము ఉంచినచో, రెండు వరుసలు దాటగనే గాంధారము జాఱుచున్నది. అనగా చెవి లేకపోలేదు. విన్న స్వరమును వెంబడించుట దానికి తెలియును. వినబోవు స్వరమును ముందుగా మనస్సున తలచుట తెలియదు. రెండేండ్లు తోడు పట్టుకొనియే నడచిన బిడ్డకు ఒంటరిగా అడుగు వేయు నవసరమే కలుగలేదు. లోపము ఇచ్చటనే యున్నది.

స్వరజ్ఞానము రెండు విధములు. ఏ ఆధారమును లేకయే ఒక నాదమును విని ఇది ఫలాని మెట్టు అని చెప్పగలుగుట మొదటిది. ఇది చాల కొలదిమందికి మాత్రమే యుండును, అదియు శైశవమున సంగీతము వినిన వారిలోనే ఎక్కువగా కానవచ్చును. ఒక షడ్జమమును ఆధారముగా పెట్టుకొని, దానినుండి ఎంత దూరమున ఏ స్వరమున్నదో గుర్తించుట రెండవది. మన సంగీతమునకు కావలసినది ఈ రెండవదియే. పురుషులు సాధారణముగా ఒకటి మొదలు రెండు శ్రుతులలోను, స్త్రీలు ఐదు, ఐదున్నర శ్రుతుల ప్రాంతమునను పాడుదురు. షడ్జమము ఎచ్చట పెట్టుకొనిన అచ్చటనే సప్తస్వరములును అమరును. ఈ విధమగు జ్ఞానము ఏ వయస్సున నైనను సాధకముచే వృద్ధి పొందును.

మన పెద్దలు ఈ సంగతి ఎఱుగనివారు కారు. పురందరదాసులవారు ఏర్పఱచినవని చెప్పబడు ప్రాథమిక పాఠములను పరికింపుడు. సరళీవరుసలలో స్వరములు మెట్లెక్కినట్లు వరుసగా నడచును. జంటవరుసలలో ప్రతి స్వరమును రెండుమార్లు పలికి నిలద్రొక్కుకొందురు. దాటువరుసలలో ఒక మెట్టు విడిచి మఱియొక మెట్టునకు దుముకుదురు. ఈ దాటువరుసలు గొంతునకే కాదు, చెవికిని పరీక్షయే. పాశ్చాత్యులు తమ సంగీత విద్యాలయములలో చెవి సాధకమును ప్రత్యేక పాఠముగా నుంచినారు. అచ్చట ఉపాధ్యాయుడు పియానోపై స్వరములు వాయించును, శిష్యుడు చూడకయే అవి యేవో చెప్పవలెను. నేడు ఆ ఉపాధ్యాయుని పనిని కంప్యూటరు ప్రోగ్రాములు చేయుచున్నవి. వానికి తోడుగా మిడి కీబోర్డు అను మెట్లపలకను కలిపినచో ఇంటనే సాధకము సాగును. మా అల్లుడు ఈ మార్గమును సూచించి, నలువదితొమ్మిది మెట్ల పలక నొకదానిని తెచ్చి యిచ్చినాడు.

మిడి యనిన నేమి? ఇది చాలమందికి అర్థము కాని మాట. హార్మోనియము మెట్టు నొక్కిన గాలి వెడలి నాదము పుట్టును. మిడి కీబోర్డు మెట్టు నొక్కిన నాదము పుట్టదు, ఒక వార్త పుట్టును. ఫలాని మెట్టు నొక్కబడినది, ఇంత బలముతో నొక్కబడినది, ఇప్పుడు విడువబడినది అను మాత్రమే అది కంప్యూటరునకు తెలుపును. పూర్వము తంతి కచేరీలో మనిషి గొంతు పోక, మాటల గుర్తులు మాత్రమే తీగపై పోయినట్లు, ఇందును పాట పోదు, పాట గుర్తులు పోవును. ప్రతి మెట్టునకును 0 మొదలు 127 వఱకు ఒక సంఖ్య యుండును. పియానో నడుమనుండు తెల్లమెట్టు సంఖ్య 60. నొక్కిన బలమును గూడ 127 వఱకు గల సంఖ్యలతోనే తెలుపుదురు. ఆ గుర్తులనందుకొని నాదము చేయునది కంప్యూటరు, లేదా చేతిఫోను.

ఈ ఏర్పాటునకు మూలపురుషులు అమెరికా దేశస్థుడగు డేవ్ స్మిత్, జపాను దేశస్థుడగు ఇకుతారో కకెహాషి అనువారు. అంతకు పూర్వము ఒక్కొక్క కార్ఖానావారి వాద్యము ఒక్కొక్క భాష మాటలాడెడిది. ఒకదాని మాట మఱియొకదానికి తెలియదు. అన్నిటికి నొకే భాష కావలెనని 1981లో స్మిత్ ప్రతిపాదింపగా, 1983 జనవరిలో రెండు వేఱువేఱు కంపెనీల వాద్యములను ఒక తీగతో కలిపి, ఒకదానిని వాయించి రెండవదానిని పలికించి చూపినారు. ఈ కృషికై వారిద్దఱికి 2013లో గ్రామీ సాంకేతిక పురస్కారము లభించినది. నలువది యేండ్లు దాటినను నేటికిని ఆ భాషయే చెల్లుచున్నది. ఏ దేశపు పలక నైనను ఏ దేశపు ప్రోగ్రాముతో నైనను కలుపగలుగుట దాని ఫలమే.

కొనదలచిన సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పవలెను. మొదటిది: ఇట్టి పలకలలో చాలవానికి సొంత నాదము లేదు. ఇంటికి తెచ్చి, మెట్లు నొక్కి, పలుకుట లేదని అంగడివానితో కలహించిన వారు కలరు. దోషము పలకది కాదు. కంప్యూటరునకు గాని, చేతిఫోనునకు గాని తీగతో కలిపి, లోపల ప్రోగ్రాము తెఱచినప్పుడే అది పలుకును. రెండవది: చెవి సాధకమునకు పెద్ద పలక అక్కఱలేదు. ఇరువదియైదు మెట్లనగా రెండు స్థాయులు. నలువదితొమ్మిది యనగా నాలుగు స్థాయులు. రెండు స్థాయులున్న చిన్న పలకతోనే పని జరుగును. అయితే మెట్లు మఱీ సన్ననివైనచో పిదప పియానో గాని, హార్మోనియము గాని వాయింపదలచిన పిల్లలకు వ్రేళ్ల దూరము తప్పుగా అలవడును. మూడవది: ఇంట ఇదివఱకే పెద్ద ఎలక్ట్రానిక్ కీబోర్డు ఉన్నచో క్రొత్తది కొనవలదు. దాని వెనుక యుఎస్‌బి రంధ్రము కాని, మిడి అని వ్రాసిన గుండ్రని రంధ్రము కాని యున్నదేమో చూడుడు; అదియే చాలును. నాలుగవది: తీగలేని బ్లూటూత్ వినికిడి గొట్టములను ఈ పనికి వాడవలదు. మెట్టు నొక్కిన క్షణమునకును నాదము వినబడు క్షణమునకును నడుమ ఆలస్యము కలిగి, పిల్ల తికమక పడును. తీగగలవే మేలు. ధ్వని మెల్లగా నుండవలెను. పెద్దలకు వారమునకు నలువది గంటలు వినదలచినచో 80 డెసిబెల్సునకును, పిల్లలకు 75 డెసిబెల్సునకును మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. చెవికి విద్య నేర్పబోయి చెవినే చెఱుపుకొనరాదు గదా!

ఇక ప్రోగ్రాముల సంగతి. డెన్మార్కు దేశమున తయారగు ఇయర్‌మాస్టర్ వంటివి మిడి పలకపై వాయించిన ప్రత్యుత్తరమును గ్రహించి తప్పొప్పులు చెప్పును. ఉచితముగా దొరకునవియు కలవు. ఏది యైనను పని యొక్కటియే. ముందుగా ఆధార శ్రుతిని వినిపించును. పిదప ఒక స్వరమును పలికించును. అది యేదో మెట్టు నొక్కి చూపుమనును. తెరపై పేర్లు వ్రాసియుంచి వానిలో నొకదానిని ఎన్నుకొను పద్ధతియు కలదు గాని, దానియందు ఊహ చొచ్చును. నాలుగు పేర్లున్నచో కన్నులు మూసికొని తాకినను నాలిగింట ఒకటి సరిపోవును. మెట్టు నొక్కుటలో అట్లు జరుగుట అరుదు. అంతేకాక వినిన స్వరము వ్రేలికి వచ్చును. చెవికిని చేతికిని నడుమ త్రోవ పడును.

ఆ ప్రోగ్రాములు పాశ్చాత్యులకై వ్రాయబడినవి గావున వారి పేర్లు మనల బెదరించును. కాని స్వరస్థానములు మనకు క్రొత్తవి కావు. షడ్జమము నుండి ఒక్కొక్క మెట్టే, తెల్లవి నల్లవి కలిపి, లెక్కించుచు పొండు. మొదటి మెట్టు శుద్ధ రిషభము, రెండవది చతుశ్శ్రుతి రిషభము, మూడవది సాధారణ గాంధారము, నాలుగవది అంతర గాంధారము, ఐదవది శుద్ధ మధ్యమము, ఆఱవది ప్రతి మధ్యమము, ఏడవది పంచమము, ఎనిమిదవది శుద్ధ ధైవతము, తొమ్మిదవది చతుశ్శ్రుతి ధైవతము, పదవది కైశికి నిషాదము, పదునొకండవది కాకలి నిషాదము, పండ్రెండవది తారస్థాయి షడ్జమము. ఇవి పండ్రెండు స్థానములే యైనను వానికి మనవారు పదునాఱు పేర్లు పెట్టినారని విద్యార్థినులు ఎఱుగుదురు. పై లెక్కను ఒక కాగితముపై వ్రాసి పలకకు పైన అంటించుడు. మెట్లపైననే అక్షరములు అంటింపవలదు. అట్లు చేసినచో కన్ను చదువును, చెవి నిదురించును.

ఐదు శ్రుతిలో పాడు స్త్రీలకును పిల్లలకును షడ్జమము వరుసలో ఐదవ తెల్లమెట్టు. ప్రోగ్రాములో ఆధార శ్రుతిని ఆ మెట్టునకే అమర్చి, ఆ మెట్టునుండియే ప్రారంభింపవలెను. పలకపై శ్రుతి మార్చు మీట యొకటి యుండును. దానిని ముట్టవలదు. ప్రోగ్రాములో ఒకమాఱు, పలకలో ఒకమాఱు శ్రుతి మార్చినచో, సరిగా వాయించినను తప్పని తెరపై వచ్చును. పిల్ల తన చెవినే సందేహించును. మాకు మొదటి రెండు దినములు ఇట్లే వ్యర్థమైనవి.

మూడవనాడు పిల్లకు ఉత్సాహము కలిగింప దలచి, "ముందు నేను చెప్పెదను చూడు" అని పలక ముందు కూర్చుంటిని. బాల్యమున నేను ఐదేండ్లు వీణ నేర్చినదానను. రాగములు వినిన వెంటనే గుర్తింపగలను. ఇదెంత పని యనుకొంటిని. శ్రుతి వినబడినది, పిదప ఒక స్వరము. అంతర గాంధారమని తలచి మెట్టు నొక్కితిని. తప్పని తెర చూపినది. అది శుద్ధ మధ్యమమట! పది ప్రశ్నలలో నాలుగే సరిపోయినవి. పిల్ల చేతులతో నోరు మూసికొని నవ్వినది. "అమ్మమ్మా, నీకు కూడా చెవి లేదా?" అని యడిగినది. దానికి కోపము రాలేదు, సిగ్గు వచ్చినది. తరువాత యోచించితిని. వీణపై మెట్లు కలవు గదా! గాంధారము ఎచ్చట నున్నదో నా కన్నును వ్రేలును చూచుకొనినవి. చెవి కూడ వెంట వచ్చినది, అంతే. రాగమును గుర్తించుటలోను సంచారములను జ్ఞాపకముంచుకొని గుర్తించితిని గాని, ఒంటరి స్వరమును ఎన్నడును వినియుండలేదు. నా లోపమును పిల్ల యెదుట ఒప్పుకొంటిని. ఆనాటి నుండి మేమిద్దఱమును సహాధ్యాయినులమైతిమి. నేను చూచినంతలో ఆ పిల్లకు మా గురువుగారి మాట వలన కలిగిన గాయము మానినది ఆ నవ్వుతోడనే.

మేము అనుసరించిన క్రమమును చెప్పెదను. దినమునకు పదునైదు నిమిషములకు మించలేదు. చెవి త్వరగా అలయును. అలసిన చెవితో గంటసేపు కూర్చుండుట వలన తప్పులే అలవడును. మొదటి వారము షడ్జమము, పంచమము, తారషడ్జమము ఈ మూడే. చాల ప్రోగ్రాములలో ఏ స్వరములు అడుగవలెనో మనమే ఎన్నుకొనవచ్చును. రెండవ వారము అంతర గాంధారమును, మూడవ వారము శుద్ధ మధ్యమమును చేర్చితిమి. నాలుగవ వారమునకు శుద్ధ రిషభము, శుద్ధ ధైవతము, కాకలి నిషాదము కలిపి మాయామాళవగౌళను పూర్తి చేసితిమి. ఐదు శ్రుతిలో ఆ రాగము మెట్లు ఇట్లుండును: ఐదవ తెల్లమెట్టు, దాని ప్రక్క నల్లమెట్టు, ఏడవ తెల్లమెట్టు, పై స్థాయిలోని మొదటి, రెండవ తెల్లమెట్లు, వాని ప్రక్క నల్లమెట్టు, పిదప నాలుగవ తెల్లమెట్టు ప్రక్కనుండు నల్లమెట్టు. ఈ రాగమునే ప్రథమ పాఠమునకు ఎన్నుకొనుటలోని నేర్పు నాకు అప్పుడు బోధపడినది. షడ్జమమునకు రిషభము, గాంధారమునకు మధ్యమము, పంచమమునకు ధైవతము, నిషాదమునకు తారషడ్జమము మిక్కిలి దగ్గఱగా నుండి, నడుమ పెద్ద యెడములు ఏర్పడును. దగ్గఱయు దూరమును చెవికి స్పష్టముగా తెలియును.

రెండవ నెలలో జంటలను పోల్చితిమి. సాధారణ గాంధారమా, అంతర గాంధారమా? శుద్ధ మధ్యమమా, ప్రతి మధ్యమమా? కైశికియా, కాకలియా? ఈ జంటలే పిల్లలను తడబెట్టునవి. మూడవ నెలలో మూడేసి, నాలుగేసి స్వరముల చిన్న వరుసలు వినిపించి తిరిగి వాయింపించితిమి.

ఈ సాధకమంతటికి మూడు నియమములు ప్రాణము. ముందు గొంతు, తరువాత వ్రేలు. స్వరము వినిన వెంటనే మెట్టు తాకరాదు. దానిని పాడి, పాడిన దానిని మనస్సున పేరుతో పలికి, అప్పుడు నొక్కవలెను. ఈ యొక్క నియమమే మా పిల్ల లోపమునకు మందైనది. రెండవది: మొదట నొక్కిన మెట్టే లెక్క. పిల్లలు గడుసువారు. సరియని వచ్చువఱకు వరుసగా మెట్లన్నియు నొక్కుచు పోదురు. అది సంగీతము కాదు, తాళపుచెవుల గుత్తిలో వెదకుట. మూడవది: శ్రుతి ఎన్నడును ఆగరాదు. పాశ్చాత్య ప్రోగ్రాములు మొదట నాలుగు స్వరసమూహములను వాయించి శ్రుతిని తెలిపి ఊరకుండును. మనకు అది చాలదు. ప్రక్కన వేఱొక ఫోనులో తంబురా నాదమును అదే శ్రుతిలో మెల్లగా మ్రోగుచుండనిండు. ఇక తెరపై కనబడు నూటికిన్ని యను మార్కులను పిల్లల యెదుట పెద్దవిగా చేయకుడు. ఏ స్వరమును దేనిగా పొరబడుచున్నదో చూచుకొనుటయే మార్కులవలన మనకు గల ప్రయోజనము.

ఇంతవఱకు గుణములు చెప్పితిని. దోషములు చెప్పకుండుట న్యాయము కాదు. మెట్లపలక సమభాగ పద్ధతిలో శ్రుతి చేయబడినది. అనగా స్థాయిని పండ్రెండు సమాన భాగములుగా కోసినారు. ప్రకృతి అట్లు కోయలేదు. ఐదు శ్రుతి షడ్జమమునకు సెకండునకు 196 కంపనములు. తంబురా తీగను మీటినప్పుడు దానిలోనుండి తనంతట తాను పలుకు గాంధారము షడ్జమమునకు ఐదుకు నాలుగు వంతున నుండును. అనగా 245 కంపనముల లెక్కకు చేరును. మెట్లపలకపై గాంధారమునకు దాదాపు 246.9. పంచమమున భేదము స్వల్పము: సహజముగా 294, పలకపై 293.7. పంచమము మాట యటుంచి, గాంధారముననున్న భేదము శిక్షితమగు చెవికి తెలియును. కావున తంబురాతో పాడు బిడ్డ గాంధారము మెట్టుకంటె రవంత తగ్గియున్నచో తొందరపడి గద్దింపకుడు. పిల్లయే ఒప్పు కావచ్చును. మెట్టు స్థానమును చూపును. స్వరముయొక్క తుది మెఱుగును తంబురాయే దిద్దవలెను.

రెండవ దోషము ఇంతకంటె పెద్దది. మన స్వరము నిలుచునది మాత్రమే కాదు, ఊగునది గూడ. తోడి గాంధారమును ఏ మెట్టుపై చూపగలము? అది ఒక చోట నిలుచుట కాదు, ఒక సంచారము. కొన్ని పలకలకు నాదమును వంచు చక్రముండును గాని, దానితో గమకము నేర్చుకొందుమనుట బొమ్మను చూచి ఈత నేర్చుకొందుమనుట వంటిది. ఈ కారణముచేతనే 1940లో ఆలిండియా రేడియోవారు హార్మోనియమును తమ కేంద్రములనుండి వెలివేసిరి. ఆ నిషేధము 1971 వఱకు సడలలేదు. నిషేధము ఉచితమా కాదా యను వాదమును ఇచ్చట ఎత్తను. అయితే ఆ భయమునకు మూలము నిజమైనదే. మెట్టు చెప్పినదే స్వరమని నమ్ముచెవి గమకమును వినజాలదు.

విజయనగరమున 1919లో మహారాజావారి సంగీత కళాశాల వెలసినప్పుడు వయొలిను నేర్పుటకు వచ్చిన ద్వారం వేంకటస్వామి నాయుడుగారి పేరు మీరెల్లరు వినియుందురు. వయొలినుపై మెట్లు లేవు. వ్రేలు ఎచ్చట ఆనవలెనో చెప్పునది చెవి యొక్కటియే. వెండ్రుకవాసి తప్పినను అపస్వరము. అట్టి వాద్యమును తెలుగు దేశమున గాత్రమునకు సాటిగా పలికించిరనిన, ఆ చెవి యెంత సాధకము చేసినదో ఊహింపుడు. మెట్లులేని స్థితికి చేరుటయే మన గమ్యము. మెట్లపలక నడక నేర్చు బిడ్డకు చక్రముల బండి వంటిది. దానిని పట్టుకొని నాలుగడుగులు నేర్చి, పిదప విడువవలెను. జీవితమంతయు దానినే త్రోయుచు నడువరాదు.

గురువునకు బదులు ఇది కాదు. పాట భావమును, రాగ స్వరూపమును, ఊపిరి పట్టును యంత్రము చెప్పలేదు. అయితే గురువునకు లేని యొక గుణము దీనికి కలదు. నూఱుమార్లు తప్పినను విసుగుకొనదు. నలుగురిలో తప్పితిమన్న సిగ్గు కలిగింపదు. వెఱచిన బిడ్డకు, వయస్సు మీఱిన తల్లికి, ఇది తక్కువ మేలు కాదు.

మా ఇంటి కథ ముగించెదను. ఇచ్చిన నెల గడువు చాలలేదు, గురువుగారు దయతో మూడు నెలలకు పెంచిరి. గడువు ముగిసిన పిమ్మట పిల్లను హార్మోనియము లేకయే పాడించి చూచిరి. మంద్ర, మధ్య స్థాయులలో గాంధారము నిలిచినది. తారస్థాయిలో ఇప్పటికిని జాఱుచున్నది. కాని జాఱిన వెంటనే పిల్ల తానే ఆగి, సవరించుకొని మరల పాడినది. "తప్పు తనకే తెలియుచున్నది, ఇక పాఠము మానిపింప నక్కఱలేదు" అని గురువుగారనిరట. ఆమె తన మొదటి మాటను తానే వెనుకకు తీసికొనుట పెద్దతనము.

నేను ఎదురుచూడని ఫలము మఱియొకటి కలిగినది. మా అమ్మాయి పెండ్లికి పూర్వము వర్ణముల వఱకు నేర్చినది. పిదప ఉద్యోగము, సంసారము, బిడ్డల చదువు. పదునాలుగేండ్లుగా దాని నోట ఒక స్వరమును వినలేదు. సాయంకాలము మేము పలక ముందు కూర్చున్న వేళ అది వంటయింట నుండెడిది. ఒకనాడు మేమిద్దఱమును ఒక స్వరమును పట్టలేక తర్జనభర్జన పడుచుండగా, తాలింపు చప్పుడు నడుమ నుండి, "కైశికి నిషాదం. కాకలి కాదు" అని గొంతు వినబడినది. పిల్ల మెట్టు నొక్కినది, సరియే. మఱునాడు మఱియొకటి చెప్పినది. నాలుగవనాడు చెప్పుట మాని, గరిటె చేతనుండగనే ఆ స్వరమును పాడినది. మేమేమియు అనలేదు. అనినచో ఆగునేమో యని భయము.

సోదరీమణులారా! మీ యింటను ఇట్టి గొంతు ఏ వంటయింటనో దాగియుండవచ్చును. "నాకు చెవి లేదు" అను మాటను ఈ మాసము పక్కన పెట్టి, తంబురా మ్రోగించుకొని, షడ్జమ పంచమములతో ప్రారంభింపుడు. పలక కొనుటకు వీలున్నచో కొనుడు. లేనిచో ఇంటి హార్మోనియము చాలును, ఒకరు వెనుక నుండి మెట్టు నొక్కగా ఒకరు చెప్పవచ్చును. కావలసినది యంత్రము కాదు, దినమునకు పదునైదు నిమిషములును, తప్పు చేయుటకు సిగ్గుపడని మనస్సును.